నెమ్మదిగా నడిపేవాళ్ళు ముందుకు రండి

కీల్ రేవులో మధ్యాహ్నం రెండింటికి బయల్దేరే ఓడ మర్నాడు పొద్దున్న పదింటికి ఆస్లో చేరుతుంది. ఓడ కడుపులో ఇనుప నేల, తడి, డీజిల్ వాసన. బండిని స్టాండ్ వేసి, గేర్‌లో ఉంచి, సీటు మీదుగా పట్టీ వేసి నేలకున్న కొక్కేలకు బిగించాలి. ఎవరి బండి వాళ్ళే కట్టుకోవాలి. 2023 జూన్‌లో అలా తొమ్మిది బండ్లు కట్టుకున్నాం. అందులో ఆడవాళ్ళం ముగ్గురం, తెలుగుమనిషిని నేనొక్కదాన్నే. నాకప్పుడు 46 ఏళ్ళు.

మనలో చాలామందికి బండి అంటే వెనక సీటే. నాన్న చేతక్ వెనక, పెళ్ళయ్యాక మా ఆయన హీరోహోండా వెనక, ఒక పక్కకి కూర్చుని, కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా చేత్తో పట్టుకుని వెళ్ళినదాన్నే నేనూ. మన బండ్లకి చీర కోసం గార్డు ఉంటుందంటే ఇక్కడి డ్రైవింగ్ స్కూలు మాస్టారు నమ్మలేదు. ఫోన్లో ఫోటో చూపిస్తే అప్పుడు నమ్మాడు.

జర్మనీలో మన ఇండియా లైసెన్సు కాపురం పెట్టిన మొదటి ఆరు నెలలే చెల్లుతుంది. కారుకి ఆ తతంగం ఎప్పుడో అయిపోయింది. పెద్ద మోటార్‌సైకిల్‌కి ‘ఎ’ క్లాసు వేరే. 24 ఏళ్ళు నిండితే నేరుగా దానికే వెళ్ళొచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఊరి బయట ఐదు, ఆటోబాన్ మీద నాలుగు, చీకట్లో మూడు పాఠాలు తప్పనిసరి. రాత పరీక్ష ఇంగ్లీషులో రాయొచ్చు, రోడ్డు పరీక్ష మాత్రం జర్మన్‌లోనే. మనం ముందు బండి మీద, వాళ్ళు వెనక కార్లో, చెవిలో రేడియో. యాభై కిలోమీటర్ల వేగంలో ఉన్నట్టుండి బ్రేకు వేసి, పడకుండా నిలబడి చూపించాలి. చేతులకి గాజులుంటే గ్లవ్స్ ఎక్కవు, జడ గట్టిగా ఉంటే హెల్మెట్ కూర్చోదు. ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు కాబట్టి చెబుతున్నాను.

అసలు కష్టం లైసెన్సు కాదు, తెనాలిలో ఉన్న అమ్మ. మా బాబాయి 1994లో గుంటూరు రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు. నెత్తిన హెల్మెట్ లేదు. ఆ రాత్రి నుంచి అమ్మకి మోటార్‌సైకిల్ చప్పుడంటేనే పడదు. నార్వే వెళ్తున్నానని చెప్పినప్పుడు ఏడవలేదు, తిట్టలేదు. “పిల్లలున్నారు కదే” అంది. అంతే.

ఆవిడ భయం నిజమైనది. దాన్ని వాదనతో గెలవాలని నాకు అనిపించలేదు. 2018లో జై భారతి నాయకత్వంలో నలుగురు ఆడవాళ్ళు హైదరాబాద్ నుంచి వియత్నాం దాకా బండ్ల మీద వెళ్ళి వచ్చిన సంగతి చెప్పాను. దాదాపు 17,000 కిలోమీటర్ల ప్రయాణం అది. అమ్మ అంతా విని, “వాళ్ళ అమ్మలు ఎట్లా నిద్రపోయారో” అంది. చివరికి రెండు మాటలిచ్చాను. రోజూ దిగగానే ఫోన్ చేస్తాను. భయమేసిన చోట ఆగిపోతాను. రెండో మాట ఎంత బరువైనదో ఇచ్చేటప్పుడు తెలియలేదు.

ఆస్లోలో దిగాక మా గైడ్ అందర్నీ చుట్టూ నిలబెట్టింది. అరవై దగ్గర్లో ఉన్న హాంబుర్గ్ ఆవిడ. “నెమ్మదిగా నడిపేవాళ్ళు ముందుకు రండి, నా వెనకే” అంది. నేను చివర్న ఉందామనుకుంటున్నాను, ఎవరికీ అడ్డం కాకుండా. అలా కాదట. ముందు బండి కాస్త వేగం పెంచితే, ఆ సందు పూడ్చుకోవడానికి చివరి బండి ఇంకా ఎక్కువ పెంచాలి. చేతగానివాళ్ళని తోకలో పెడితే అందరికంటే వేగంగా పోవాల్సింది వాళ్ళే. అందుకే నెమ్మదైనవాళ్ళు ముందు, చెయ్యి తిరిగినవాళ్ళు వెనక, అందరికంటే వెనక రెండో గైడ్. ఇంకో నియమం: మలుపు తిరిగేచోట మన వెనకవాళ్ళు అద్దంలో కనబడేదాకా ఆగాలి. ప్రతివాళ్ళూ తమ వెనక ఒక్కరిని చూసుకుంటే చాలు, ఎవరూ తప్పిపోరు. ఇంట్లో, పెళ్ళిళ్ళలో, ఆఫీసులో నేను చూసిన పద్ధతి వేరు. వెనకబడినవాళ్ళు పరిగెత్తుకుంటూ రావాలి, ముందువాళ్ళు విసుక్కోవాలి.

ఫాగెర్నెస్ మీదుగా లార్డాల్ వెళ్ళి, 2000లో తెరిచిన అక్కడి సొరంగంలో దూరాం. పొడవు 24.5 కిలోమీటర్లు. నడిపేవాళ్ళకి మత్తు రాకుండా మధ్యలో మూడు చోట్ల కొండని వెడల్పుగా తొలిచి నీలం దీపాలు పెట్టారు. మూడోది దాటేసరికి నాకు పగలో రాత్రో తెలియలేదు. బయటకొస్తే రాత్రన్నదే లేదు, పదకొండింటికి కూడా వెలుతురే. మర్నాడు అదే కొండని పైనుంచి దాటాం, రోడ్డుకి రెండు పక్కలా మంచు గోడలు. ఆ సాయంత్రం సోన్‌డాల్‌లో అద్దెకి తీసుకున్న చెక్క ఇంట్లో పులిహోర చేశాను. పోపు వాసనకి పక్క ఇంటివాళ్ళు కూడా తొంగి చూశారు.

నాలుగో రోజు సోగ్నెఫ్యెల్ ఎక్కాలి. 1,434 మీటర్లు, ఉత్తర ఐరోపాలో అన్నిటికంటే ఎత్తైన కనుమ దారి అంటారు. పొద్దున్నే వాన, పైన పొగమంచు. కాఫీ కప్పు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. చలికి అని సర్దిచెప్పుకోవచ్చు, కానీ అది చలి కాదు. ఎనిమిది మంది జాకెట్లు వేసుకుంటున్నారు. అంత డబ్బు పెట్టి, అంత దూరం వచ్చి, “నేను రాను” అనడం జర్మన్‌లో కూడా కష్టమే. అన్నాను.

గైడ్ కారణం అడగలేదు. మ్యాప్ తీసింది. ఫ్యార్లాండ్, స్ట్రిన్ మీదుగా చుట్టు తిరిగే కింద దారి ఉంది, హెలెసిల్ట్‌లో ఓడ ఎక్కితే సాయంత్రానికి గైరాంగర్‌లో కలుసుకోవచ్చు, రెండో గైడ్ నీతో వస్తాడు అంది. వెంటనే వెనకనుంచి ఒక గొంతు, “నేను కూడా.” ముప్పై ఏళ్ళుగా బండి నడుపుతున్న పెద్దాయన. ఆయన భార్య ఆయన్ని వింతగా చూసింది.

ఆ దారిలోనూ వాన ఉంది, ఒక కనుమా ఉంది, కానీ నా చెయ్యి వణకలేదు. గైరాంగర్ ఫ్యోర్డ్‌లో ఓడ మీద గంటసేపు. ‘ఏడుగురు అక్కచెల్లెళ్ళు’ అనే జలపాతం నిట్టనిలువు కొండ మీంచి పడుతోంది. అంత ఏటవాలు అంచుల మీద ఒకప్పుడు జనం మేకల్ని పెంచుకుంటూ బతికారట. ఆ ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ పెద్దాయన రెయిలింగ్ పట్టుకుని, “పోయినేడు ఆల్ప్స్‌లో పడ్డాను, మా ఆవిడకి తెలుసు, వీళ్ళెవరికీ తెలియదు” అన్నాడు. నేను బాబాయి సంగతి చెప్పాను.

రెండు రోజుల తర్వాత ట్రోల్‌స్టీగెన్. 1936లో తెరిచిన రోడ్డు, పదకొండు హెయిర్‌పిన్ మలుపులు, మేం దిగే వైపు నుంచి వచ్చాం. దిగడమే కష్టం. లోయలోకి చూస్తే బండి లోయలోకే పోతుంది, మలుపు చివరికి చూడాలి. ఎండ కాసింది, రోడ్డు ఆరింది, గైడ్ వెనకే ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ దిగాను. ఆరో మలుపు దగ్గర ఎదురుగా బస్సు వచ్చింది. దాని గురించి అమ్మకి చెప్పలేదు, మీరూ చెప్పకండి. ఆ మరుసటి ఏడాది రాళ్ళు పడుతున్నాయని ఆ రోడ్డే మూసేశారు.

చివర్లో అట్లాంటిక్ రోడ్డు. 1989లో తెరిచారు, 8.3 కిలోమీటర్లు, చిన్న చిన్న దీవుల్ని కలుపుతూ ఎనిమిది వంతెనలు. అందులో పెద్దది ఒక వైపు నుంచి చూస్తే గాల్లోకి లేచి అక్కడే తెగిపోయినట్టుంటుంది. దాని ముందు బండి ఆపి ఫోటో తీసి అమ్మకి పంపాను. నిమిషంలో ఫోన్.

“ఏమే, ఆ రోడ్డు సగంలో ఆగిపోయింది కదే!”

“లేదమ్మా, అవతలికి వంపు తిరుగుతుంది. ఇక్కణ్ణించి కనబడదు.”

“నువ్వు చూశావా?”

“ఇందాకే దాటి వచ్చాను.”

కాసేపు మాట్లాడలేదు. సముద్రపు గాలి చప్పుడు ఆవిడకి కూడా వినబడే ఉంటుంది. “సరే, హెల్మెట్ పెట్టుకో. దిగాక చెయ్యి” అని పెట్టేసింది.