అప్రైజల్ ఫారంలో లేని గది

ఈ వారం ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మీద రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారం. ఈలోగా వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో వచ్చింది. దాని సంగతి ముందు మాట్లాడుకుందాం.

మూడేళ్ళ కింద నా దగ్గర డిగ్రీ చదివిన అమ్మాయి. ఇప్పుడు హైటెక్ సిటీ వైపు ఒక ఆఫీసులో డేటా పని. ఆ కాగితం ఆమె మొదటి ఆర్నెల్ల అప్రైజల్. టైముకి రావడం: అయిదుకి రెండు. కమ్యూనికేషన్: రెండు. టీంలో కలిసిపోవడం: రెండు. పనిలో తప్పుల్లేకపోవడం: నాలుగు. కింద మేనేజర్ రాసిన ఒక ముక్క, అర్థం ఏమిటంటే పిల్లలో చొరవ లేదు అని. "సార్, దీనిమీద సంతకం పెట్టాలా?" అని అడిగింది.

నేను తిరిగి ఒకటే అడిగాను. "ఈ ఆర్నెల్లూ ఏ ఇంట్లో ఉన్నావమ్మా?"

"ఏ ఇళ్ళల్లో అని అడగండి సార్" అంది.

మొదట చైతన్యపురి సందులో లేడీస్ హాస్టల్. గదికి నలుగురు. మిగతా ముగ్గురూ గ్రూప్స్ కోచింగ్ పిల్లలు, రాత్రి రెండింటి దాకా లైటు ఆర్పరు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ బతుకూ పరీక్షే. నిద్ర చాలక, స్నేహితురాలితో కలిసి కొత్తపేటలో ఒక పోర్షన్ చూసుకుంది. అడ్వాన్సు ఇచ్చారు, పాలు పొంగించుకున్నారు. ఆధార్ జిరాక్స్ ఇచ్చిన సాయంత్రం ఓనరమ్మ ఇంటిపేరు రెండుసార్లు చదివి, "మీరేమిట్లమ్మా?" అంది. ఈ పిల్ల దాచలేదు. మూడో రోజు కబురొచ్చింది, వాళ్ళబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడట, పోర్షన్ కావాలట. (దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట ఓనర్ల కొడుకులు చెప్పినట్టే దిగుతుంటే శంషాబాద్‌లో ఇంకో రన్‌వే వెయ్యాలి.) ఆ తర్వాత హయత్‌నగర్ దాటాక దూరపు చుట్టాలింట్లో హాల్లో ఒక మూల.

అక్కణ్ణుంచి షేర్ ఆటోలో ఎల్బీనగర్. మెట్రో రెడ్ లైను అక్కడే మొదలు. అమీర్‌పేటలో దిగి, మెట్లెక్కి, బ్లూ లైన్ మారి రాయదుర్గం. మళ్ళీ ఆటో. తొమ్మిదింటి లాగిన్‌కి ఆరున్నరకి గడప దాటాలి. ఎల్బీనగర్ సర్కిల్‌లో ఒక లారీ అడ్డంపడితే ఆ రోజు లేటు. అదే, అయిదుకి రెండు.

"దూరం అందరికీ ఉంటుంది కదా సార్" అని మీలో కొందరు కామెంట్ పెడతారు. ఉంటుంది. ఆమె పక్క సీటు అబ్బాయి కూడా వనస్థలిపురం నుంచే వస్తాడు, సొంతిల్లు. అలసిపోతే ఆఫీసు దగ్గర గది చూసుకుంటాడు. అతను దూరం చూసి ఇల్లు వెతుక్కుంటాడు, మనం ఇల్లిచ్చేవాణ్ణి వెతుక్కుని ఆ దూరం మోస్తాం.

కమ్యూనికేషన్ సంగతి అడిగాను. లంచ్‌లో టీంతో కూర్చోదు. బాక్సులో ఏముందని మొదలైన మాట ఎక్కడికి పోతుందో కొత్తపేటలో చూసింది కదా. సీటు దగ్గరే తినేస్తుంది. ఆఫీసులో సగం విషయాలు లంచ్‌లోనే తెలుస్తాయి, ఎవరిని అడిగితే ఏ పని అవుతుంది, ఏ ప్రాజెక్టు రాబోతోంది. అవి తెలియని పిల్లకి చొరవ ఎక్కణ్ణుంచి వస్తుంది?

1917లో బరోడాలో ఒక యువ ఉద్యోగి ఉండేవాడు. వయసు 26. కొలంబియాలో ఎంఏ చేశాడు, లండన్‌లో చదువు మధ్యలో ఉంది. స్కాలర్‌షిప్ ఇచ్చిన సంస్థానానికి పనిచెయ్యాలన్న ఒప్పందం ప్రకారం అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో చేరాడు. ఊళ్ళో ఎవరూ గది ఇవ్వలేదు. పార్సీ పేరు రాయించుకుని పార్సీ సత్రంలో తలదాచుకున్నాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగాడు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో సాకు చెప్పారు. పార్కులో కూర్చుని, రాత్రి బండికి బొంబాయి వెళ్ళిపోయాడు. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఇదంతా రాసుకున్నారు. మన విద్యార్థులు ఆ భాగాన్ని అవమానం కథగా చదువుతారు. ఉద్యోగం కథగా కూడా చదవండి. ఆ ఆఫీసులో అప్రైజల్ ఉండి ఉంటే ఆయన రేటింగ్ ఎంతని రాసేవాళ్ళు? మధ్యలో వదిలేసి పోయాడు, నిలకడ లేదు అనేగా.

ఇంకొకటి. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకి చిక్కుదారి పజిల్స్ ఇచ్చారు. ఎన్ని విప్పితే అన్ని డబ్బులు. 2004లో వచ్చింది ఆ పేపర్. కులం బయటపెట్టనప్పుడు దళిత పిల్లలకీ పైకులాల పిల్లలకీ తేడా లేదు. పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివాక, అవే పజిల్స్‌లో దళిత పిల్లల స్కోరు పడిపోయింది. బుర్ర అదే, చెయ్యి అదే, పెన్సిల్ అదే.

మా తెలుగు డిపార్ట్‌మెంట్లో కూడా ఈ పజిల్ ఉంది. డాక్టరేట్ వచ్చిన ఏడాది సరూర్‌నగర్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్తే, ఓనరు పెద్దాయన నేను పోతన పాఠం చెప్తానని తెలిసి మురిసిపోయాడు, పద్యం చదివించుకుని కాఫీ కూడా ఇచ్చాడు. అడగాల్సింది అడిగాక, "అరె, మీరు అలా కనపడరే" అన్నాడు. తాళంచెవి మాత్రం జేబులోంచి తీయలేదు. ఆ సోమవారం పొద్దున్న క్లాసులో పాఠం ఎలా చెప్పానో నాకు తెలుసు. ఆ ఏడు ఫీడ్‌బ్యాక్ ఫారంలో దానికి గడి లేదు.

కాబట్టి ఆ అమ్మాయితో అన్నాను, సంతకం పెట్టు, కానీ కింద ఉద్యోగి అభిప్రాయం అని ఒక గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలకు. రోజుకి ఎన్ని గంటల ప్రయాణమో రాయి. గంట ఆలస్యంగా లాగినై గంట ఆలస్యంగా వెళ్ళే షిఫ్ట్ అడుగు. తప్పుల్లేని పనికి నాలుగు వచ్చింది కదా, దాన్ని ముందు పెట్టి అడుగు. కులం సంగతి అక్కడ రాయాలా వద్దా అన్నది నీ ఇష్టం, నేను ఒత్తిడి చెయ్యను. 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాల సంగతే మాట్లాడుతుంది, ఆ ఏసీ హాలు దాకా రాదు.

ఇళ్ళ విషయంలో మాత్రం చట్టం ఉంది. 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం, 4వ సెక్షన్. అంటరానితనం కారణంగా ఎవరినైనా ఏ ప్రాంతంలోనైనా ఇంట్లో ఉండనివ్వకపోవడం నేరం. లా చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తీసి చదవండి. చిక్కు ఎక్కడంటే, అమెరికా కొడుకు మీద కేసు పెట్టలేం. అందుకని ఇల్లు చూడ్డానికి ఒక్కరే వెళ్ళకండి. ఓనరు మాట మార్చిన రోజు, ఏమన్నదీ, ఎన్నింటికి అన్నదీ ఫోన్లో రాసి పెట్టుకోండి. అడ్వాన్సు ఫోన్‌పేలోనే ఇవ్వండి, చేతికివ్వకండి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా, మెట్రో స్టేషన్‌కి నడిచిపోయే దూరంలో, ఇంటిపేరు అడగకుండా గది ఇచ్చేవాళ్ళు మీకు తెలిసి ఉంటే కామెంట్లో నంబర్లు పెట్టకండి, నాకు ఇన్‌బాక్స్ చెయ్యండి. మన వాళ్ళవే సొంతిళ్ళు ఈ వైపు చాలా ఉన్నాయి, పై పోర్షన్లు ఖాళీగా ఉన్నాయి. ముందు వాళ్ళే చెయ్యెత్తాలి. ఇప్పటికి నా దగ్గర ఉన్నవి నాలుగు గదులు, అడిగినవాళ్ళు పదకొండు మంది.