తివాచీ క్రింద తుప్పు

చప్పుడు లేని కారు మంచి కారు అని మనలో చాలామంది అభిప్రాయము. కొనేటప్పుడు తలుపు వేసి చూస్తాము. 'దబ్బు'మని మెత్తగా పడితే సంతోషిస్తాము, 'డబడబ' అంటే పెదవి విరుస్తాము. అయితే ఆ నిశ్శబ్దము ఎక్కడి నుండి వస్తుంది, దానిని కలిగించే సామాను పాతబడినప్పుడు లోపల ఏమి జరుగుతుంది అని ఆలోచించేవారు తక్కువ. మా సంఘములోని పాత అంబాసిడరు కారు ఈ సంగతిని మాకు దగ్గరగా చూపించింది. పాత వాహనములు గల కుటుంబములు మన పాఠకులలో ఎందరో ఉన్నారు గనుక మేము చూచినదానిని, నేర్చుకొన్నదానిని ఇక్కడ వ్రాస్తున్నాము.

ఆ కారు 1994 మోడలు, డీజిలు ఇంజిను. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయినా, మా వైపు పల్లెలలో ఇంకా అక్కడక్కడా తిరుగుతూనే ఉన్నాయి. ఊరు విడిచి వెళ్తూ ఒక సహోదరుడు దీనిని సంఘమునకు ఇచ్చి వెళ్లారు. అప్పటికే అది ఇద్దరు ముగ్గురి చేతులు మారినది. మా దగ్గర అది షోకు కోసము లేదు. కాన్పులకు, జ్వరములకు, అర్ధరాత్రి గుండె నొప్పులకు అదే బండి. ముఖ్యముగా మా సంఘములోని ఒక మామ్మగారిని వారమునకు రెండుసార్లు డయాలసిస్ నిమిత్తము కాకినాడ తీసుకువెళ్లడము దాని పని.

2023 మే నెలలో ఒకనాడు ఆమె దిగుతూ, "అయ్యగారూ, ఆసుపత్రిలో ఎలాగో ఓర్చుకుంటున్నాను గాని, ఈ బండెక్కితే తల తిరుగుతోందండి. ఏదో పొగ వాసన" అన్నారు. మేము వెనుక సీటులో కూర్చొని, అద్దములు మూయించి, బండి నడిపించి చూచాము. తడిసిన గోనెసంచి కంపు, దానితోపాటు సన్నగా డీజిలు పొగ. ఇది చిన్న విషయము కాదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. డీజిలు పొగలో అది పెట్రోలు పొగలోకంటె తక్కువే అయినా, మూసిన కారులో జబ్బుమనిషికి ఏ పొగా మంచిది కాదు. ఆ రోజునుండి బండిని ఆపి, మామ్మగారికి ఆటో మాట్లాడాము.

టింకరింగ్ మేస్త్రీ వచ్చి బండి క్రిందికి దూరి చూచి, "అయ్యగారండీ, సైలెన్సరు గొట్టం అతుకు వదిలేసిందండి. పొగ లోపలికి వస్తోందంటే నేలలో ఎక్కడో చిల్లు ఉందండి. పైన ఈ మెత్తంతా పీకితే గాని నేల సంగతి చెప్పలేనండి" అన్నాడు. సంఘ పెద్దలలో కొందరు, అంత ఖర్చు ఎందుకు, పాత ఇనుము ధరకు అమ్మివేద్దాము అన్నారు. వారి మాటలోనూ న్యాయము ఉన్నది. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకొకసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకోవలెను. మాకు ఆ గడువు 2024లో ఉన్నది. కాని ఇది అమ్మితే వచ్చే డబ్బుతో ఇంకొక బండి రాదు. నేల చూచిన తరువాతనే నిర్ణయము చేద్దామని అందరము ఒప్పుకొన్నాము. కూలి ఖర్చు తగ్గుతుందని, పీకే పని మేమూ ముగ్గురు యౌవనస్థులూ కలిసి మా ఇంటి ఆవరణలోనే పెట్టుకొన్నాము.

ఇంతకూ కారు లోపల ఈ మెత్త ఎందుకు? చర్చి గంటను మ్రోగించి వెంటనే అరచేయి దానిమీద ఆనిస్తే మ్రోత ఆగిపోతుంది గదా! కారు నేల, తలుపులు, పైకప్పు అన్నీ పలుచని రేకులు. ఇంజిను అదురుకు, రోడ్డు అదురుకు అవి తప్పెటవలె మ్రోగుతాయి. రేకుకు అంటించిన తారు షీటు ఆ అరచేయి చేసే పనినే చేస్తుంది. రేకు కంపించినప్పుడల్లా తారు సాగి ముడుచుకొని, ఆ కంపనమును కొద్దిపాటి వేడిగా మార్చివేస్తుంది. దానిపైన పరిచే నమ్దాగాని స్పాంజిగాని పని వేరు. అది గాలిలో వచ్చే శబ్దమును పీల్చుకొంటుంది. కొత్తలో ఈ రెండూ మంచివే.

ఏళ్లు గడిచినకొలది తారులోని జిడ్డు ఎండిపోతుంది. షీటు బీటలు తీసి, అంచుల దగ్గర రేకును విడిచి పైకి లేస్తుంది. ముందు అద్దము చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడితే వాననీరు లోపలికి దిగుతుంది. తలుపుల అడుగున నీరు పోవడానికి ఉన్న రంధ్రములు మట్టితో పూడినా అంతే. ఆ నీటిని నమ్దా పీల్చి వారముల తరబడి పట్టుకొంటుంది. లేచిన తారు షీటుకు, రేకుకు మధ్య చేరిన తడికి ఎండా గాలీ తగలవు. సముద్రపు గాలి తగిలే మా ప్రాంతములో ఇక చెప్పనక్కరలేదు. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక పొరలు పొరలుగా ఉబ్బి షీటును ఇంకా పైకి లేపుతుంది. పైన మాత్రము తివాచీ శుభ్రముగా కనబడుతూనే ఉంటుంది.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ వైరు ఊడదీశాము, ఎందుకంటే తివాచీ క్రిందనుండి వైర్లు పోతాయి. సీట్లు విప్పి, ఏ బోల్టు ఎక్కడిదో ఫోనులో ఫొటోలు తీసుకొని, వేరు వేరు డబ్బాలలో వేశాము. ముక్కుకు మంచి మాస్కు, చేతులకు గ్లవ్సులు తప్పనిసరి. ఒక హెచ్చరిక. పాత వాహనములలో వేడిని ఆపే పట్టీలలో, కొన్ని రకముల పూతలలో ఆస్బెస్టాస్ కలిపిన రోజులున్నవి. దాని నూగు ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. కంటితో చూచి అది ఉన్నదో లేదో తేల్చలేము. తెల్లగాగాని బూడిదరంగుగాగాని పీచు కనబడితే పొడిగా గీకకూడదు, గరుకు కాగితముతో రుద్దకూడదు. తడిపి, కదపకుండా ఉంచి, పరీక్ష చేయించిన తరువాతనే చేయి పెట్టవలెను. మా బండిలో ఉన్నది జనుపనార, చింకిగుడ్డల పీచుతో చేసిన మామూలు నమ్దా. అయినా దానిమీద నీరు చిలకరించి, చుట్టలు చుట్టి బయట పెట్టాము. వేసవిలో కూడా దాని అడుగు భాగము తడిగానే ఉన్నది.

తరువాత తారు షీట్లు. బాగా ఎండినవి చెక్క సుత్తితో తట్టి, గరిటెవంటి స్క్రాపరుతో ఎత్తితే పెంకులుగా లేచాయి. ఇంకా అంటుకొని ఉన్నవాటికి రెండు ఉపాయములు. ఒకటి వేడి. హీట్ గన్‌తో కొద్దికొద్దిగా కాచితే తారు పాకమువలె మెత్తబడుతుంది. అప్పుడు వెడల్పాటి స్క్రాపరును ఏటవాలుగా పెట్టి తీయవలెను. మంట పెట్టే టార్చి మాత్రము వాడరాదు. నేల క్రిందనే బ్రేకు గొట్టములు, ఇంధనపు గొట్టము ఉంటాయి. రెండవది చల్లదనము. ఐస్‌క్రీము రవాణా చేసేవారి దగ్గర డ్రై ఐస్ దొరికింది. అది సున్నకు 78 డిగ్రీలు దిగువన ఉంటుంది. సమతలముగా ఉన్న నేలమీద దానిని పరచి పది నిమిషములు ఉంచితే తారు గట్టిపడి, సుత్తితో తట్టగానే వేరుశెనగ అచ్చువలె విరిగిపోయింది. ఇందులోనూ జాగ్రత్త కావలెను. చేతికి తగిలితే చర్మము కాలినట్లు అవుతుంది. దానినుండి వచ్చే కార్బన్ డయాక్సైడు గాలికంటె బరువు గనుక పల్లములో నిలిచి ఊపిరి ఆడనివ్వదు. తలుపులన్నీ తెరిచి ఉంచవలెను. గాలి చొరని డబ్బాలో పెట్టి మూయరాదు, పేలుతుంది.

మిగిలిన జిడ్డును పెయింటు షాపులో దొరికే టర్పెంటైనులో తడిపిన గుడ్డతో తుడిచాము. పెట్రోలు జోలికి పోలేదు. టర్పెంటైను పూర్తిగా ఆరకముందు హీట్ గన్ దగ్గరకు తేరాదు. తడిసిన గుడ్డలను కుప్ప వేయకుండా బయట విడివిడిగా ఆరబెట్టవలెను. యౌవనస్థులు ఉత్సాహముమీద ఉలి తెచ్చారు గాని మేము వద్దన్నాము. తారుతోపాటు మంచి రేకును కూడా కోసుకొంటే మనము చేసిన మేలేమిటి? రేకుల అతుకుల వెంబడి ఉన్న మెత్తని సీలు కూడా తారువలెనే కనబడుతుంది. అది నీటిని ఆపేది గనుక పీకకూడదు. తొందరపడేవారికి ఈ పని కుదరదు.

మూడవరోజు సాయంత్రము నేలంతా బయటపడింది. మేస్త్రీ స్క్రూడ్రైవరు పిడితో అంగుళము అంగుళము తట్టుకొంటూ వచ్చాడు. మంచి రేకు ఖంగున పలికింది. వెనుక ఎడమవైపు, సరిగ్గా మామ్మగారు కాళ్లు పెట్టుకొనే చోట, 'డొబ్బు'మన్నది. కొంచెము నొక్కగానే స్క్రూడ్రైవరు క్రిందికి దిగిపోయింది. అరచేయంత మేర రేకు లేదు, తుప్పు మాత్రమే ఉన్నది. దాని క్రిందుగానే సైలెన్సరు గొట్టము. డ్రైవరు కాళ్ల దగ్గర ఇంకొక చిన్న మచ్చ. మిగిలిన నేలంతా గట్టిగా ఉన్నది. "రెండు చోట్లేనండి. బండి బతికిందండి" అన్నాడు మేస్త్రీ. అక్కడ నిలబడి చూస్తున్న పెద్దలు ఇక అమ్మకపు మాట ఎత్తలేదు.

చిల్లుమీద ఒక షీటు అంటిస్తే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. లారీకి, జీపుకు అడుగున వేరుగా చాసిస్ ఉంటుంది, బరువును అది మోస్తుంది. అంబాసిడరు వంటి కారులో శరీరమే చాసిస్. నేల రేకు కూడా బరువు మోసేదే. అందుచేత కుళ్లిన భాగమును మంచి రేకు వచ్చేవరకు కోసివేసి, 18 గేజి రేకు వెల్డింగు చేయించాము. మిగిలిన తుప్పును వైరు బ్రష్షుతో రుద్ది, ఫాస్ఫారిక్ ఆసిడ్ కలిసిన మందు పూసి, కడిగి ఆరబెట్టి, ప్రైమరు, పెయింటు వేయించాము. అతుకులకు సీలు పెట్టించాము. అద్దపు రబ్బరు మార్పించాము. నీరు రావడము ఆపకుండా నేల బాగుచేస్తే ప్రయోజనము లేదు.

మెత్త పీకిన మొదటి రోజున, ఎవరినీ ఎక్కించకుండా, అద్దములన్నీ దింపి బండిని మేస్త్రీ షెడ్డుకు తీసుకువెళ్తున్నప్పుడు ఒక సంగతి గమనించాము. చప్పుడు భరించలేనంతగా ఉన్నది. కాని ఆ చప్పుడులో వేరు వేరు మాటలు వినబడుతున్నాయి. టపటపమనేది సైలెన్సరు అతుకు. వెనుక చక్రము దగ్గర గురగురమనేది అరిగిన బేరింగు. గతుకులో టక్కుమనేది వదులైన తలుపు కీలు. ఇవేవీ ఆ రోజు పుట్టినవి కావు. ఎంతకాలమునుండో చెబుతూనే ఉన్నాయి, మెత్త వాటి నోరు నొక్కింది. చక్రపు బేరింగు పూర్తిగా పట్టివేస్తే రోడ్డుమీద ఏమి జరిగి ఉండేదో చెప్పనక్కరలేదు. అన్నీ బాగుచేయించిన తరువాతనే కొత్త షీట్లకు వెళ్లాము.

ఇప్పుడు తారుకు బదులు అల్యూమినియం రేకు అంటించిన బ్యూటైల్ రబ్బరు షీట్లు వస్తున్నాయి. వాటిని నేలంతా కప్పనక్కరలేదు. తట్టి చూచి ఎక్కడ మ్రోగుతుందో అక్కడ, పలక మధ్యలో సుమారు నాలుగవ వంతు మేర గట్టిగా రోలరుతో అంటిస్తే మ్రోత చాలావరకు తగ్గుతుంది. నీరు పోయే రంధ్రములను మూయరాదు. నమ్దాకు బదులు నీరు పీల్చని ఫోము పరిచాము. తివాచీని అంటించివేయకుండా, వర్షాకాలము కాగానే ఎత్తి చూచుకొనేటట్లు వదులుగా ఉంచాము. 2024లో తనిఖీ అయి రిజిస్ట్రేషను కూడా పొడిగించారు.

మరల ప్రయాణము మొదలుపెట్టిన దినమున మామ్మగారిని ఎలా ఉన్నదని అడిగాము. "చప్పుడు మునుపటికంటె కాస్త ఎక్కువేనండి అయ్యగారూ. ఊపిరి మాత్రం హాయిగా ఆడుతోంది" అన్నారు.

ఆ మాట మాకు ఇండ్ల విషయములో కూడా తరచు గుర్తుకు వస్తుంది. చప్పుడు లేని ఇల్లు చూచి మంచి ఇల్లు అంటాము. కోడలు నోరు మెదపదు, కుమారుడు ఎదురు చెప్పడు, ముసలి తండ్రి ఏదీ అడగడు. ఆ నిశ్శబ్దము సమాధానమువలన వచ్చినదా, లేక ఎవరి నోరైనా నొక్కినందువలన వచ్చినదా అని ఇంటి పెద్దలు అప్పుడప్పుడు ఎత్తి చూచుకోవలెను. చూచేటప్పుడు ఉలి కాక చెక్క సుత్తి వాడవలెను.

పాత బండి గల ప్రియ పాఠకులారా! ఈసారి వానలు వెలిసిన తరువాత ఒక ఆదివారము మధ్యాహ్నము తివాచీ అంచు పైకెత్తి, నమ్దా క్రింద చేయి పెట్టి చూడండి. పొడిగా ఉంటే సంతోషము. తడిగా ఉంటే ఆ వారమే పని మొదలుపెట్టండి. పైన కొత్త తివాచీ మాత్రము కొనవద్దు.