నాన్న బొగ్గు లెక్క

కారు కొనాలనుకున్న రోజు నుంచి మా ఇంట్లో రెండు పార్టీలు. మా వారిది హైడ్రోజన్ పార్టీ. సెకండ్‌హ్యాండ్ టొయోటా మిరాయ్ చవగ్గా వస్తోందట, ఐదు నిమిషాల్లో ట్యాంకు నిండుతుందట, వెనక పొగకు బదులు నీళ్ళు వస్తాయట. నాది బ్యాటరీ పార్టీ. కానీ మేముండేది అద్దె ఫ్లాట్, అదీ మూడో అంతస్తు. ఛార్జింగ్ ఎక్కడ పెడతావని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అప్పుడే నాన్న కాట్‌బస్ వచ్చారు. గోదావరిఖనిలో, సింగరేణి గనుల్లో జీవితం గడిపిన మనిషి. ఇక్కడా ఆయనకు బొగ్గే దొరికింది. ఊరికి తూర్పున 2015లో తవ్వకం ఆపిన ఓపెన్‌కాస్ట్ గని ఉంది. 2019 నుంచి దాంట్లోకి నీళ్ళు వదిలి 19 చదరపు కిలోమీటర్ల చెరువు చేశారు. గట్టు మీద నిలబడితే దూరంగా యెన్ష్వాల్డే విద్యుత్ కేంద్రం ఆవిరి.

"మీ కార్లకు ఆ కరెంటేనా?"

జర్మనీ కరెంటులో సగానికి పైగా గాలి, ఎండ లాంటి వాటి నుంచే వస్తోందని గొప్పగా చెప్పాను.

"గాలి లేని రాత్రి సంగతి చెప్పు బిడ్డా. నూరు కిలోమీటర్లకు ఎంత బొగ్గు కాలుతది?"

ఆ రాత్రి ముగ్గురం కాగితం ముందేసుకుని కూర్చున్నాం. ఇక్కడి గోధుమరంగు బొగ్గులో సగం నీళ్ళే. కిలో కాలిస్తే సుమారు ఒక యూనిట్ కరెంటు వస్తుంది. బ్యాటరీ కారు వంద కిలోమీటర్లకు ఇంచుమించు 20 యూనిట్లు తాగుతుంది, అంటే 20 కిలోల బొగ్గు. మిరాయ్‌కి అదే దూరానికి కిలోకు కాస్త తక్కువ హైడ్రోజన్ చాలు. కానీ నీళ్ళను కరెంటుతో విడగొట్టి, 700 బార్ల ఒత్తిడికి కుక్కి, కారులో మళ్ళీ కరెంటుగా మార్చాలి. అంతా కలిపితే 50 యూనిట్లు దాటింది.

"గనిలకెల్లి ఎత్తిన బొగ్గును మళ్ళ గనిలనే పోసి, మళ్ళ ఎత్తినట్టున్నది," అన్నారు నాన్న. మా వారు మాట్లాడలేదు. పైగా మ్యాపులో మాకు కనిపించిన హైడ్రోజన్ పంపులు బెర్లిన్ వైపే. పోనూ రానూ 240 కిలోమీటర్లు; ట్యాంకులో దాదాపు సగం దానికే సరి!

మా వారి పక్షాన ఒక మాట చెప్పాలి. మా ఊరి రవాణా సంస్థ హైడ్రోజన్ బస్సులకు ఆర్డరిచ్చింది. రోజంతా తిరిగి రాత్రికి ఒకే డిపోకి చేరే బండ్లకు ఒక్క పంపు చాలు కదా. మాలాంటి వాళ్ళకు అది కుదరదు.

నాన్న ధ్యాస మాత్రం కార్ల మీద లేదు. గని వాళ్ళంతా ఏమయ్యారని రోజూ అడిగేవారు. 2024 జనవరిలో తెరిచిన రైల్వే వర్క్‌షాపు బయటి నుంచి చూపించాను, 1,200 ఉద్యోగాలని చెప్పాను. "యాభై ఏండ్లోనికి ఇస్తరా?" అన్నారు. నాకు తెలియదు.

చివరికి పాత బ్యాటరీ కారే కొన్నాం. శనివారం సూపర్‌మార్కెట్ దగ్గర ఛార్జింగ్ పెట్టి కూరగాయలు కొంటాను. చలికాలంలో కారు తొందరగా నీరసపడుతుంది, మా వారు గుర్తుచేయడం మరచిపోరు. ఆదివారం గోదావరిఖని నుంచి ఫోనొస్తుంది.

"ఈ వారం ఎన్ని కిలోలు కాల్చినవ్ బిడ్డా?"