ట్రాన్సిస్టర్ ఆరడానికి పట్టే కాలం

ట్రాన్సిస్టర్‌ను స్విచ్చిగా వాడవచ్చునని మేము ప్రథమ సంవత్సరంలోనే చదువుకున్నాము. బేస్‌కు విద్యుత్తు అందిస్తే కలెక్టర్‌లో ప్రవాహం సాగుతుంది, ఆపితే ఆగుతుంది. పరీక్షలో ఈ రెండు వాక్యాలకూ పూర్తి మార్కులు లభిస్తాయి. అయితే ఆపిన క్షణానికీ ఆగిన క్షణానికీ నడుమ ఎంత కాలం గడుస్తుందన్న ప్రశ్న తృతీయ సంవత్సరపు ప్రాజెక్టు చేపట్టేవరకు మాలో ఎవరికీ తోచలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెదకుతూ మేము గడిపిన రెండు నెలల కాలాన్ని, దానితో ముడిపడిన మరొక విషయాన్ని ఈ సంచిక పాఠకుల ముందు, ముఖ్యంగా కళాశాల పాలక సంఘ సభ్యుల ముందు ఉంచదలిచాము.

మేము నలుగురము. ఇద్దరము ఇంటర్మీడియట్ వరకు ఉర్దూ మాధ్యమంలోను, ఇద్దరము తెలుగు మాధ్యమంలోను చదివి వచ్చినవారము. మా ప్రాజెక్టు పైకి చూస్తే అతి సామాన్యమైనది. 5 వోల్టులతో పనిచేసే ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు నుండి 3.3 వోల్టులతో పనిచేసే మరొక బోర్డుకు సమాచారం పంపాలి. 5 వోల్టులను నేరుగా రెండవ బోర్డుకు కలిపితే అది పాడైపోయే ప్రమాదం ఉన్నది. కనుక నడుమ ఒక బి.సి. 547 ట్రాన్సిస్టర్‌ను నిలిపాము. బేస్ దారిలో 10 కిలో ఓముల నిరోధకం, కలెక్టర్ నుండి 3.3 వోల్టులకు 1 కిలో ఓము. ఇందుకు సిద్ధంగా తయారైన చిప్పులు కోఠిలోని గుజరాతీ గల్లీలో చవకగానే దొరుకుతాయి. కాని ఒక ట్రాన్సిస్టర్, రెండు నిరోధకాలు ప్రయోగశాల సొరుగులోనే ఉండగా కొనడం దేనికని మా అధ్యాపకులు అన్నారు. ఆ మాటలోని ఆంతర్యం తరువాత బోధపడింది.

సెకనుకు 9,600 బిట్ల వేగంలో ఒక్క అక్షరమూ తప్పిపోలేదు. 1,15,200 వద్దనూ అంతే. 5,00,000కు పెంచగానే రెండవ బోర్డు తెరమీద అర్థంలేని అక్షరాలు వరుస కట్టాయి. తీగలు మార్చి చూశాము, ప్రోగ్రామును తిరిగి సరిచూశాము. ట్రాన్సిస్టర్ మార్చితే తప్పుల తీరు కొంత మారిందే కాని తప్పులు పోలేదు. కంప్యూటర్ మాకు చెప్పగలిగినది ఒక్కటే: ఇన్ని అక్షరాలు తప్పు. ఎందుకు తప్పు అన్నది అది చెప్పలేదు.

చెప్పినది ప్రయోగశాల మూలన ఉన్న 20 మెగాహెర్ట్‌జ్‌ల ఆసిలోస్కోప్. ఒక ఛానెల్‌ను బేస్ వైపు సంకేతానికి, మరొకదానిని కలెక్టర్‌కు కలిపి చూడగా సంగతి తేటతెల్లమయింది. ఇన్‌పుట్ పైకి లేచిన వెంటనే కలెక్టర్ వోల్టేజి క్రిందికి దిగుతున్నది. కాని ఇన్‌పుట్ క్రిందికి దిగిన తరువాత కలెక్టర్ కదలకుండా, ఏమీ ఎరుగనట్లు, ఒక మైక్రోసెకనుకు కొంచెం పైగా అక్కడే ఉండి, ఆపైన గాని లేవడం లేదు. సెకనుకు 5 లక్షల బిట్లంటే ఒక్కొక్క బిట్టు ఆయుర్దాయం 2 మైక్రోసెకన్లు. స్వీకరించే బోర్డు ప్రతి బిట్టునూ దాని నడిమధ్యన చదువుతుంది. సగం బిట్టు ఆలస్యం జరిగితే అది చదివేది పాత బిట్టునో, కొత్త బిట్టునో దానికే తెలియదు. 1,15,200 వద్ద బిట్టు నిడివి 8.7 మైక్రోసెకన్లు కావడం వల్ల ఇదే ఆలస్యం అక్కడ కనబడక దాగిపోయింది.

ఈ ఆలస్యానికి కారణం ట్రాన్సిస్టర్ లోపల ఉన్నది. మా వలయంలో కలెక్టర్ ప్రవాహం సుమారు 3.2 మిల్లీ ఆంపియర్లు. ట్రాన్సిస్టర్ లాభం 200 అనుకుంటే బేస్‌కు 16 మైక్రో ఆంపియర్లు చాలు. మేము ఇస్తున్నదో, 5 వోల్టులలో నుండి బేస్ వద్ద పోయే 0.7 తీసివేసి 10 కిలో ఓములతో భాగిస్తే, 430 మైక్రో ఆంపియర్లు. అవసరానికి దాదాపు 27 రెట్లు! ఇలా ఎక్కువగా ఇవ్వడం దుబారా కాదు. బి.సి. 547 జాతిలో లాభం 110 నుండి 800 వరకు ఎంతైనా ఉండవచ్చును గనుక, ఏది చేతికి వచ్చినా పూర్తిగా వెలిగేటట్లు అలా ఇవ్వడమే ఆచారం. దీనినే సంతృప్తస్థితి అంటారు. ఆ స్థితిలో కలెక్టర్ సంధి కూడ తెరుచుకొని, బేస్ ప్రాంతంలోను దాని ఇరుగుపొరుగునను అల్పసంఖ్యాక వాహకాలు అవసరానికి మించి క్రిక్కిరిసిపోతాయి. (ఈ పారిభాషిక పదం వినబడినప్పుడు మా కళాశాలలో నవ్వులు వినబడని సంవత్సరం లేదని పెద్ద విద్యార్థులు చెబుతారు. ఈ ట్రాన్సిస్టర్ నడిచేదే ఆ అల్పసంఖ్యాకుల వల్ల అని అధ్యాపకులు జవాబిస్తారట.) బేస్ ప్రవాహాన్ని ఆపినా ఆ గుంపు కరిగిపోయేవరకు కలెక్టర్ ప్రవాహం సాగుతూనే ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాలలోని ‘స్టోరేజ్ టైమ్’ ఇదే. తెలుగులో నిల్వకాలం అని వ్రాసుకున్నాము. మా మిత్రుడొకడు దానిని ‘జఖీరా’ అన్నాడు. దాచిపెట్టిన సరుకు అన్న ధ్వని గల ఆ ఉర్దూ మాటే మాకు ఎక్కువ నచ్చింది. మా ప్రయోగ పుస్తకంలో రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి.

నాంపల్లి నుమాయిష్‌కు వెళ్లినవారికి దీనిని వివరించడం సులభం. రాత్రి టికెట్ల కిటికీ మూసినంత మాత్రాన మైదానం ఖాళీ కాదు. లోపలి జనం గేట్ల గుండా బయటపడేవరకు దీపాలు వెలుగుతూనే ఉండాలి. త్వరగా ఖాళీ చేయించాలంటే మార్గాలు రెండే. పెద్ద గేటు తెరచి జనాన్ని బయటకు పంపడం ఒకటి, అసలు అంతమందిని లోనికి రానీయకుండడం రెండవది. ట్రాన్సిస్టర్ వేగాన్ని పెంచడానికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయాలలో మేము పరీక్షించినవి ఈ రెండు మార్గాలకు చెందినవే.

మొదటి మార్గానికి కావలసినది ఒక చిన్న కెపాసిటర్. దానిని బేస్ నిరోధకానికి సమాంతరంగా కలపాలి. ఇన్‌పుట్ 5 వోల్టుల వద్ద ఉన్నంతసేపు అది 4.3 వోల్టులకు ఆవేశితమై ఉంటుంది. ఇన్‌పుట్ సున్నాకు పడగానే కెపాసిటర్ బేస్‌ను ఒక్కసారిగా ఋణ దిశకు లాగి, నిల్వ ఉన్న ఆవేశాన్ని పీల్చివేస్తుంది. విలువ ఎంత ఉండాలన్నది ఊహించనక్కరలేదు, లెక్క కట్టవచ్చును. అదనపు ప్రవాహం సుమారు 0.4 మిల్లీ ఆంపియరు. మేము చూసిన ఆలస్యాన్ని బట్టి నిల్వ ఆవేశపు జీవితకాలం అర మైక్రోసెకను ప్రాంతంలో ఉండాలి. రెండింటినీ గుణిస్తే 200 పికో కూలుంబులు. 47 పికో ఫారడ్‌లను 4.3 వోల్టులతో గుణిస్తే 202! కాగితం మీద ఈ రెండు సంఖ్యలు ఎదురెదురుగా నిలిచిన సాయంత్రం మాకు కలిగిన సంతోషం ఏ ఫలితాల పట్టికా కలిగించలేదని చెబితే అతిశయోక్తి కాదు. 22 పికో ఫారడ్‌లతో ఆలస్యం తగ్గింది గాని పోలేదు. 47తో దాదాపు పోయింది. 100తో తెర మీద గుర్తించదగిన ఆలస్యమే లేదు. 5 లక్షల బిట్ల వేగంలో తప్పులు ఆగిపోయాయి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బి.సి. 547 బేస్–ఎమిటర్ సంధి వ్యతిరేక దిశలో ఓర్చుకోగలది 6 వోల్టులే. 5 వోల్టుల సంకేతంతో భయం లేదు. అదే కెపాసిటర్‌ను 12 వోల్టుల వలయంలో పెడితే సంధికి హాని కలుగుతుంది.

బేస్ నిరోధకాన్నే పెంచి, గుంపును తగ్గించరాదా అని అడుగవచ్చును. 100 కిలో ఓములు పెట్టి చూశాము. నిల్వ తగ్గింది, కాని బయటకు పోయే దారి కూడ పదింతలు ఇరుకైంది. తరంగపు అంచులు వాలిపోయాయి.

రెండవ మార్గం మరింత చక్కనిది. అమెరికాలోని ఎం.ఐ.టి. లింకన్ ప్రయోగశాలకు చెందిన రిచర్డ్ బేకర్ 1956లో వెలువరించిన ఒక నివేదికలో దీనిని వివరించాడు. కలెక్టర్ వోల్టేజి మరీ క్రిందికి దిగబోతున్నప్పుడు ఒక డయోడ్ తెరుచుకొని, అదనపు బేస్ ప్రవాహాన్ని కలెక్టర్ లోనికి మళ్లిస్తుంది. ట్రాన్సిస్టర్ తనకు కావలసినంతే తీసుకుంటుంది, సంతృప్తస్థితికి పోనే పోదు. సిలికాన్ డయోడ్ ఒక్కటే అయితే దాని 0.7 వోల్టులు బేస్ 0.7కు సమానమై ప్రయోజనం శూన్యం కనుక, బేస్ దారిలో మరొక డయోడ్ చేర్చాలి. అప్పుడు కలెక్టర్ 0.7 వోల్టుల వద్ద నిలుస్తుంది. 3.3 వోల్టుల బోర్డుకు అది ‘సున్నా’ అని ధైర్యంగా చెప్పగలిగిన విలువ కాదు.

ఆ చిక్కును షాట్కీ డయోడ్ విప్పింది. అది సుమారు మూడు, నాలుగు పదుల శాతం వోల్టుతోనే తెరుచుకుంటుంది. పైగా లోహానికీ అర్ధవాహకానికీ నడుమ ఏర్పడిన సంధి కావడం వల్ల దానిలో నిల్వ అనే జాడ్యమే లేదు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లోని జేమ్స్ బియార్డ్ ఈ డయోడ్‌ను ట్రాన్సిస్టర్‌తో పాటు ఒకే సిలికాన్ ముక్కలో పొదిగే పద్ధతికి 1964లో పేటెంటు కోరాడు. దాని ఫలాన్ని ప్రపంచమంతా అనుభవించింది. సామాన్య 74 శ్రేణి గేటు 10 నానోసెకన్లలో మారడానికి 10 మిల్లీవాట్లు ఖర్చు చేస్తే, షాట్కీ డయోడ్లు గల 74 ఎల్.ఎస్. గేటు దాదాపు అంతే వేగాన్ని 2 మిల్లీవాట్లకే ఇచ్చింది. మా బల్ల మీద బి.ఎ.టి. 85 రకం డయోడ్ పెట్టినప్పుడు ఆలస్యం దాదాపు మాయమయింది. దాని బదులు విద్యుత్ సరఫరాలలో వాడే 1 ఎన్ 5819 పెడితే మాత్రం అంచులు మందగించాయి. అదీ షాట్కీయే, కాని ఒక ఆంపియరు మోయడానికి పుట్టినది. దాని పెద్ద సంధికి దాదాపు వంద పికో ఫారడ్‌ల కెపాసిటీ ఉన్నది. కలెక్టర్‌కూ బేస్‌కూ నడుమ అంతటి బరువును వేలాడదీస్తే ఏ ట్రాన్సిస్టర్ పరుగెత్తగలదు?

మేము చేయలేకపోయిన ప్రయోగాలూ ఉన్నాయి. సిలికాన్‌లో కొద్దిపాటి బంగారాన్ని కలిపి వాహకాల జీవితకాలాన్నే కుదించడం ఫ్యాక్టరీ పని. ఐ.బి.ఎం.లో హానన్ యూర్క్ 1956లో రూపొందించిన వలయంలో ప్రవాహం ఎన్నడూ ఆగదు. ఒక ట్రాన్సిస్టర్ నుండి మరొకదానికి మళ్లుతుంది, అంతే. 1976 నాటి క్రే-1 సూపర్ కంప్యూటర్ ఈ కుటుంబపు వలయాలతోనే 80 మెగాహెర్ట్‌జ్‌ల వద్ద నడిచి, 115 కిలోవాట్ల విద్యుత్తును వేడిగా మార్చింది. వేగానికి వెల ఎప్పుడూ ఉన్నది. నేటి చిప్పులలోని మాస్ ట్రాన్సిస్టర్లకు జఖీరా బాధ లేదు గాని, గేటు కెపాసిటీని నింపడం, ఖాళీ చేయడం తప్పదు. నింపిన ప్రతిసారీ శక్తి ఖర్చవుతుంది. 4 గిగాహెర్ట్‌జ్‌ల పెంటియం-4ను తెచ్చే యోచనను ఇంటెల్ 2004లో విరమించుకోవడం వెనుక ఈ వేడి బాధ ఉన్నది.

ఇక పాలక సంఘానికి మనవి చేయదలచిన విషయం. పాత ఎలక్ట్రానిక్స్ బల్లలను తొలగించి, ఆ గదిని కంప్యూటర్ ప్రయోగశాలకు కలపాలన్న ప్రతిపాదన ఈ విద్యా సంవత్సరం ఆరంభంలో వచ్చింది. విడి ట్రాన్సిస్టర్‌ను నేడు ఎవరు వాడుతున్నారని ఒక సభ్యులు అడిగినట్లు విన్నాము. ప్రశ్న న్యాయమైనదే. కంప్యూటర్లు చాలక మా తరగతిలో ఇద్దరిద్దరు ఒకే కుర్చీలో కూర్చునే మాటా నిజమే. మేము కంప్యూటర్లకు వ్యతిరేకులము కాము. అయితే రెండు నెలలలో మేము తెలుసుకున్నదానిలో ఒక్క అంశమైనా కీబోర్డు ముందు కూర్చుని తెలుసుకోగలిగేవారము కామని చెప్పక తప్పదు. తప్పుల లెక్క కంప్యూటర్ ఇచ్చింది. కారణాన్ని ఆ పాత పెట్టె చూపింది. 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. టి.డి.సి.-12 కంప్యూటర్‌ను వెలువరించినది ఈ హైదరాబాదులోనే. అట్టి నగరంలో ఒక డిగ్రీ కళాశాలకు ఒక ఆసిలోస్కోప్ బల్ల అధికమని మేము అనుకోము.

ఆ పెట్టెకు లోపాలు లేకపోలేదు. 20 మెగాహెర్ట్‌జ్‌ల యంత్రం 17 నానోసెకన్ల కంటె నిటారైన అంచును చూపలేదు. అందువల్లనే మా చివరి ఫలితాలకు సంఖ్యలు వేయక ‘గుర్తించదగిన ఆలస్యం లేదు’ అని మాత్రమే వ్రాశాము. రెండవ ఛానెల్ నాబ్ ఊడిపోగా దానిని శ్రావణంతో తిప్పుతున్నాము. మరమ్మతుకయ్యే ఖర్చు అంచనాను శాఖాధిపతి గారికి అందజేశాము. అది సంఘం రాబోయే సమావేశంలో పరిశీలనకు వస్తుందని తెలిసింది.

మా తరువాతి విద్యార్థులకు తిరుగు దారి మిగిలి ఉన్నది: 3.3 వోల్టుల బోర్డు నుండి 5 వోల్టుల బోర్డుకు. అక్కడ అదే 10 కిలో ఓముల గుండా బేస్‌కు అందేది 0.26 మిల్లీ ఆంపియరు మాత్రమే, కెపాసిటర్‌కు దక్కేది 2.6 వోల్టులే. దానికి తగిన విలువను వారు లెక్క కట్టుకోవాలి. 22, 47, 100 పికో ఫారడ్‌ల కెపాసిటర్లను పేర్లు వ్రాసిన పొట్లాలలో పెట్టి, ఎడమవైపు మూడవ సొరుగులో ఉంచాము.