కారు రాని ఒడ్డున...

రెండువైపులా పైన్ చెట్లు. మధ్యలో సన్నటి దారి. దారి మొదట్లో ఓ బోర్డు... చుట్టూ ఎర్రటి అంచు, లోపలంతా తెలుపు. 'ఏ బండీ రాకూడదు' అని దానర్థం. దాని కిందే ఇంకో చిన్న పలక. అందులో సైకిల్ బొమ్మ. అంటే, 'నువ్వు మాత్రం రావచ్చు' అని!

జర్మనీలోని మ్యూరిట్స్ సరస్సు తూర్పు ఒడ్డున ఇలాంటి బోర్డులు చాలాచోట్ల కనిపిస్తాయి. బెర్లిన్‌లో రైలెక్కి ఉత్తరంగా గంటన్నర పైచిలుకు వెళ్తే వారెన్ అనే ఊరొస్తుంది. స్టేషన్ దిగి కాస్త నడిస్తే నీళ్లే నీళ్లు... 117 చదరపు కిలోమీటర్లు. పూర్తిగా జర్మనీ గడ్డమీదే ఉన్న సరస్సుల్లో ఇదే పెద్దది. (కాన్‌స్టాన్స్ సరస్సు ఇంకా పెద్దదే కానీ అందులో స్విట్జర్లాండ్‌కీ ఆస్ట్రియాకీ వాటా ఉంది.) మ్యూరిట్స్ అనే పేరు పాత స్లావ్ మాట నుంచి వచ్చింది. 'చిన్న సముద్రం' అని అర్థం. ఈ సముద్రం తూర్పున మరో వందకు పైగా సరస్సులు, వాటిని కలుపుతూ అడవి, బురదనేలలు. ఇదంతా కలిపి మ్యూరిట్స్ నేషనల్ పార్కు. విస్తీర్ణం 322 చదరపు కిలోమీటర్లు.

ఓ సెప్టెంబరు ఉదయం ఆ బోర్డు దగ్గర ఓ తెలుగు పెద్దాయన సైకిల్ దిగి నిలబడిపోయారు. వయసు అరవై ఆరు. కొల్లేటి లంక గ్రామాల్లో ఒకటి ఆయనది. కూతురు బెర్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చూసిపోదామని వచ్చారు. పేరు మాత్రం రాయొద్దన్నారు. ఊళ్లో చెరువుల గొడవ ఇంకా తెగలేదట!

"కారే రాకూడదంటే లోపల ఊళ్లవాళ్లు ఎట్టా పోతారమ్మా?"

"ఊళ్లవాళ్లకి పర్మిషన్ ఉంటుంది నాన్నా. మనలాంటోళ్లకే లేదు. బస్సొకటి తిరుగుతుంది. అలసిపోతే సైకిల్‌తో సహా ఎక్కేయొచ్చు."

ఆయనకు సైకిల్ కొత్తేం కాదు. చిన్నప్పుడు దోనెలో సైకిల్ పెట్టుకుని రేవు దాటి, అవతల గట్టు మీద తొక్కుకుంటూ బడికి వెళ్లినవారే. కాకపోతే గేర్ల సైకిల్ ఇదే మొదటిసారి. వారెన్‌లో అద్దెకు తీసుకున్నాక మొదటి రెండు కిలోమీటర్లూ 'ఇది నొక్కితే బరువెక్కుతుందేంటి, అది నొక్కితే ఊరికే తిరుగుతుందేంటి' అనుకోవడంతోనే సరిపోయింది. ఆ తర్వాత కూతురే వెనకబడింది. నేల చాలావరకూ చదును. ఎక్కడో చోట ఇసుక తగిలి చక్రం దిగబడుతుంది. అక్కడ దిగి నడిపించుకోవడమే.

సరస్సు మొత్తం చుట్టి రావాలంటే ఎనభై కిలోమీటర్ల పైమాటే. తీరిగ్గా రెండు మూడు రోజులు పెట్టుకుంటారు చాలామంది. తండ్రీకూతుళ్లు ఎంచుకున్నది తూర్పు ఒడ్డు ఒక్కటే. ఉదయం వారెన్‌లో బయల్దేరి, అడవి మధ్యలోని ఫెడెరో, స్పెక్ గ్రామాల మీదుగా బోక్ దాకా తొక్కడం, తిరుగు ప్రయాణం పడవలో. నిజం చెప్పాలంటే పశ్చిమపు ఒడ్డున హోటళ్లు, మామూలు రోడ్లు ఎక్కువ. ఒక్కరోజే ఉన్నవాళ్లకు తూర్పే మేలు.

ఫెడెరోలోని పార్కు సమాచార కేంద్రంలో ఓ తెర ఉంటుంది. కరెంటు టవరు మీద కట్టిన గద్ద గూడును కెమెరాతో ఇక్కడికి చూపిస్తారు. సెప్టెంబరు కదా... గద్దలు అప్పటికే ఆఫ్రికా దారి పట్టాయి. రికార్డు చేసిన దృశ్యాలే మిగిలాయి. పెద్దాయన ఒక్క క్షణం చూసి, "కొరమీను గద్ద!" అన్నారు. అవును, అదే. చలికాలంలో కొల్లేటికీ వచ్చే జాతి. జర్మన్ పేరు చదవలేకపోయినా పక్షిని గుర్తుపట్టడానికి ఆయనకు పలకతో పని పడలేదు.

వేటగాళ్లు కాపాడిన అడవి

ఇంతకీ ఈ ఒడ్డు ఇంత పదిలంగా ఎలా మిగిలింది? జవాబు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

తూర్పు ఒడ్డును 1949లోనే రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 1978లో అది రామ్‌సర్ జాబితాలోకీ ఎక్కింది. అప్పట్లో ఇది తూర్పు జర్మనీ. అయితే అదే కాలంలో స్పెక్ చుట్టుపక్కల అడవి పెద్దల వేటస్థలం కూడా. చాలా ఏళ్లు ప్రధానమంత్రిగా ఉన్న విలీ స్టోఫ్ అక్కడే వేటాడేవాడు. ఇంకోపక్క సోవియట్ సైన్యం శిక్షణ మైదానాలు. మామూలు జనాన్ని దరిదాపులకు రానిచ్చేవారు కాదు. జనం రాలేదు కాబట్టి కట్టడాలూ రాలేదు, గద్దలు మిగిలాయి. ప్రకృతి మీద ప్రేమ ఒక్కటే దీన్ని కాపాడిందని చెబితే అది సగం నిజమే.

మిగతా సగం 1990లో జరిగింది. బెర్లిన్ గోడ కూలింది. తూర్పు జర్మనీ అనే దేశానికి రోజులు దగ్గరపడ్డాయి. ఆ హడావుడిలో పర్యావరణ శాఖలో ఉప మంత్రిగా పనిచేసిన మిషాయెల్ సుకో అనే శాస్త్రవేత్త, ఆయన మిత్రులు వేటస్థలాలూ సరిహద్దు భూములూ రియల్ ఎస్టేటు పాలు కాకముందే పటాలు గీసి పెట్టారు. సెప్టెంబరు 12న మంత్రివర్గం ఆమోదించింది. అయిదు నేషనల్ పార్కులు, ఆరు జీవావరణ కేంద్రాలు, మూడు ప్రకృతి పార్కులు... మొత్తం పద్నాలుగు. అక్టోబరు 1న అవి అమల్లోకి వచ్చాయి. మూడో తేదీకి ఆ దేశమే లేదు! కేవలం రెండు రోజుల తేడా. ఈ పనికి సహా సుకోకు 1997లో 'రైట్ లైవ్లీహుడ్' పురస్కారం దక్కింది.

అలా మూసిన గేట్లు తెరిచారు. అయితే కార్లకు కాదు, కాళ్లకూ సైకిళ్లకూ.

"మనదీ అంతే కదమ్మా..."

స్పెక్ దాటాక కెఫ్లింగ్స్‌బెర్గ్ అనే గుట్ట మీద ఓ టవరు ఉంటుంది. ముప్పై మీటర్ల ఎత్తున చూసేందుకు అరుగు. మోకాళ్లు మొరాయిస్తున్నా పెద్దాయన ఎక్కారు. పైనుంచి అడవి, దాని మధ్య అద్దం ముక్కల్లా సరస్సులు, దూరాన మ్యూరిట్స్.

"ఎంతుంటుందీ పార్కు?" అని అడిగారు. కూతురు చెప్పింది. ఆయన లెక్కేసుకున్నారు. కొల్లేరు అభయారణ్యం విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. రెండూ దాదాపు ఒకటే!

లంకల్లో ఎవరినడిగినా ఆ అంకె నోటికి చెబుతారు. 1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి, చెరువులు తవ్వించి చేపలు పెంచుకోమంది. తర్వాత పెట్టుబడిదారులు దిగారు. చెరువులు సరస్సును మింగేశాయి. 1999లో అయిదో కాంటూరు వరకూ అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో పొక్లెయిన్లు వచ్చి గట్లు కొట్టేశాయి. సొసైటీ చెరువులో పెద్దాయనకూ వాటా ఉండేది. "గట్టు తెగినప్పుడు చేపలు పోయినందుకు కాదు, తవ్వమన్నోళ్లే తెంచమన్నారని బాధేసింది" అంటారాయన. కూతురి ఫీజు ఆ ఏడాది అప్పుచేసి కట్టారు.

మ్యూరిట్స్‌ను చూపించి 'వాళ్లను చూసి నేర్చుకోండి' అనడం తేలిక. న్యాయం మాత్రం కాదు. జర్మనీలో జనం అతి పలచగా ఉన్న ప్రాంతాల్లో ఇదొకటి. కొల్లేటి మీద బతికేవాళ్లు లక్షల్లో ఉంటారు. ఇక్కడ మిగిలింది వేటస్థలం, అక్కడున్నది తిండిగింజ. కానీ ఒక తేడా మాత్రం పెద్దాయన కంటపడింది. ఫెడెరో, స్పెక్, బోక్... ఊళ్లు పార్కులోనే ఉన్నాయి. సైకిలెక్కి వచ్చినవాళ్లకు గది, భోజనం, పొగబెట్టిన చేప అమ్ముకుంటున్నారు. "పక్షిని చూడ్డానికొచ్చినోడు మా ఊళ్లో ఒక్క టీ తాగి పోతాడు. రాత్రి ఉండటానికి చోటేదీ?" అన్నారు. ఆటపాక గూడబాతులను చూసి సాయంత్రానికల్లా వెనుదిరిగే కార్లను తలచుకుంటే ఆ మాట కొట్టిపారేయలేం.

దారిలో ఆయన్ను ఎక్కువ విస్మయపరిచింది పడిపోయిన చెట్లు. అడ్డంగా పడితే దారి మేరకు కోసి పక్కకు నెడతారు. మిగతాది అక్కడే పుచ్చిపోవాలి. పుట్టగొడుగులూ పురుగులూ వడ్రంగిపిట్టలూ దానిమీదే బతుకుతాయని కూతురు చెప్పింది. "ఇంత కలప!" అని ఆయన నాలుగుసార్లు అనుంటారు.

బోక్ చెరువులు

బోక్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ చేపల చెరువులున్నాయి. నేషనల్ పార్కులో చేపల చెరువులా? పెద్దాయన సైకిల్ స్టాండు వేసి మరీ గట్టెక్కారు. నీళ్లలో వేలు ముంచి రంగు చూశారు. పెంచేది కార్పు చేప... మన బంగారుతీగ! అల్లంత దూరాన ఎండిన కొమ్మ మీద తెల్లతోక గద్ద ఒకటి, తనకూ వాటా ఉన్నట్టే కూర్చునుంది.

వెంటనే తమ్ముడికి వీడియో కాల్ చేశారు. అవతలి ప్రశ్న ఒకటే: "మేతేంటి, ఎకరానికి ఎన్ని పిల్లలేస్తారు?"

"ఏమో రా, అడగడానికి భాష రాదు. చెరువులు నాలుగైదే కనపడతన్నాయి. పార్కులోనే ఉన్నా తెంచలేదు."

"నాలుగైదే అయితే మనయ్యీ తెంచకపోదురు" అన్నాడు తమ్ముడు. పెద్దాయన జవాబివ్వలేదు. ఫోను గద్ద వైపు తిప్పారు.

పొగబెట్టిన చేపను బ్రెడ్డు మధ్య పెట్టి ఇచ్చారు. ఉప్పుందని, పులుపు లేదని, ఇదే చింతపండు పులుసులో పడితే ఎలా ఉండేదోనని వ్యాఖ్యానం సాగుతుండగానే పడవ వేళయింది. దగ్గర్లోని బోల్టర్ కాలువ రేవు నుంచి వారెన్‌కు సీజన్లో పడవలుంటాయి. సైకిళ్లనూ ఎక్కించుకుంటాయి. వేళలు ముందే చూసుకోవాలి, ఆఖరి పడవ తప్పితే మళ్లీ అంతదూరమూ తొక్కాల్సిందే. శరదృతువులో ఇంకో చిక్కుంది. రెడెరాంగ్ సరస్సులో రాత్రి బసకు వేల సంఖ్యలో క్రౌంచ పక్షులు దిగుతాయి. ఆ వారాల్లో సాయంత్రం వేళ అటువైపు ఎవర్నిబడితే వాళ్లను రానివ్వరు. ముందుగా టికెట్ తీసుకుని గైడు వెంట వెళ్లాలి. ఇద్దరికీ ఆ రోజు టికెట్లు లేవు.

పడవ పైఅంతస్తులో కూర్చున్నాక, పొద్దుగూకే వేళ తల మీదుగా పక్షుల బారులు వెళ్లాయి. పెద్దాయన లెక్కపెట్టడం మొదలెట్టి నూటముప్పై దగ్గర వదిలేశారు.