మూసీ యొడ్డున పత్రి

వినాయకచవితికి నిరువదియొక్క పత్రములు కావలెనని వ్రతకల్పమున వ్రాసియుండును. బజారులో కట్ట కొన్నచో నందు నాలుగైదు రకములకంటె నుండవు. తక్కినదంతయు నేదో యొక చెట్టు కొమ్మయే. మా పుట్టినింట తాతగారు మమ్ము వెంటబెట్టుకొని చేలగట్లపై త్రిప్పి, ఒక్కొక్క ఆకునకు సంస్కృతనామమును తెలుగుపేరును చెప్పి కోయించెడివారు. అమరకోశములోని వనౌషధివర్గము నాకు వంటబట్టినది ఆ గట్లమీదనే. మావారికి బదిలీయై హైదరాబాదున నాగోలు దాపున కాపురము పెట్టినది మొదలు ఆ ముచ్చట తీరలేదు. కడచిన చవితికి ముందునాడు, ఎనిమిదేండ్ల మా అబ్బాయిని తీసికొని, మూసీ యొడ్డున నేమున్నదో చూచివత్తమని మేమిరువురమును బయలుదేరితిమి. అత్తగారు గుమ్మములో నిలిచి, “ఆ మురికికాలువ గట్టున మొలిచింది దేవుడికా?” అనిరి.

ఆమె మాట తీసివేయదగినది కాదు. వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టి, నల్లగొండ సీమలో వాడపల్లి వద్ద కృష్ణలో గలియు నీ నదికి ముచుకుంద యని ప్రాతపేరు. భాగవతము దశమస్కంధమున కాలయవనుని చూపుతోనే భస్మము చేసిన ముచుకుందుని కథ మన కందఱకు దెలిసినదే గదా. ఆ రాజు నిదురించిన గుహ అనంతగిరిపై నున్నదనియు, ఆయన శ్రీకృష్ణుని పాదములు గడిగిన నీరే యీ యేరైనదనియు స్థలపురాణము చెప్పును. అట్టి నది 1908 సెప్టెంబరు 28వ తేదీన పొంగి వేలకొలది జనమును బొట్టన బెట్టుకొన్నది. నాడు నూటయేబదిమంది కొమ్మలు పట్టుకొని ప్రాణములు దక్కించుకొన్న చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నున్నది. దాని మ్రోల నిలిచినపుడు నాకు తెలియకుండనే చేతులు జోడింపబడినవి. ఆ వరద పిమ్మట 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును నగరమునకు ఎగువన గట్టిరి. వానకాలమున గేట్లు తీసిన దినములు తప్ప ఎగువనీరు ఊరిలోనికి దిగుట యరుదు. కావున మిగిలిన కాలమున మూసీలో బారునది మన వంటింటి తూములనుండి, స్నానపు గదులనుండి, కార్మాగారములనుండి వెడలిన నీరే. అంబరుపేట, నాగోలు మొదలగు చోట్ల మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రములున్నను, మేము చూచిననాడు కట్టువ క్రింద తెల్లని నురుగు దూదికుప్పవలె లేచుచుండెను.

నేను ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొనియే గట్టు దిగితిని. పది యడుగులు నడచితినో లేదో చీరె కుచ్చెళ్ళను ఏదో పట్టుకొన్నది. చూతును గదా, ఉత్తరేణి! దానిని విడిపించుకొనుచు తలయెత్తితిని; ఎదుట జిల్లేడు, దాని ప్రక్కనే ముండ్లకాయతో ఉమ్మెత్త. మరి కొంచెము దూరమున వాకుడు, రేగు. వంతెన రాతిసందున రావిమొలక. గట్టు పైభాగమున వానకు తలయెత్తిన గరిక. ఒక పాడుపడిన గోడ చాటున వావిలిని చూచినపుడు చిన్ననాటి చెలికత్తె కనబడినట్లయినది. ఎనిమిది లెక్కకు వచ్చినవి. అబ్బాయి “అమ్మా, జమ్మి!” యని కేకవేసి యొక కొమ్మను తెచ్చెను. అది జమ్మి కాదు, సర్కారు తుమ్మ. పొరబాటు వానిది కాదు. ఆ రెండును ఒక్క కుటుంబమువే యని మావారు చెప్పిరి. జమ్మి మన తెలంగాణమునకు రాష్ట్రవృక్షము; ఇదియో, పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాఖండపు చెట్టును వంటచెఱకునకై తెచ్చి నాటగా గట్లన్నిటిని ఆక్రమించినది. నీటిమీద తివాసివలె పఱచుకొన్న గుర్రపుడెక్కయు దక్షిణ అమెరికానుండి వచ్చినదే. దాని యూదాపువ్వు ఎంత సొగసైనదో, దాని క్రింది దోమలు అంత దుర్మార్గములు.

ఆ డెక్కమీద ఎఱ్ఱముక్కు, ఎఱ్ఱకాళ్ళు గల నీలిపక్షి యొకటి పెద్ద ముత్తయిదువవలె అడుగులో నడుగు వేయుచుండెను. పలుచని నీట నల్లరెక్కలు, గులాబిరంగు పొడవుకాళ్ళు గల చిన్నపక్షులు బారుతీరి పొడుచుకొని తినుచుండెను. కొంగలకు లెక్కయే లేదు. ముక్కు రెండు దళముల నడుమ సందుగల నత్తగొట్టు కొంగను మా అబ్బాయి అందే మొదటిసారి చూచి, “దీని నోరు మూతపడదా?” అని నవ్వెను. మడుగంచున ఒక ముంగిస దాటిపోయెను. ఇంత మురికిలో నిన్ని పక్షులా యని నేనాశ్చర్యపడగా, మురికియే వానిని పిలిచినదనిరి మావారు. కుళ్ళిన పదార్థము పురుగులకు మేత, పురుగులు పక్షులకు మేత. పక్షి వచ్చినంత మాత్రమున నీరు మంచిదని తలపరాదట. ఆ మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. అప్పటివఱకు నేను సరిగా అట్లే తలచి సంతోషపడుచుంటిని.

పీర్జాదిగూడ వైపు సాగగా ఏటికిరువైపుల పచ్చని పారాగడ్డి మళ్ళు. మోకాటిలోతు బురదలో నిలిచి ఒక యువతి కోయుచుండెను. నగరములోని పాడిపశువులకు ఈ గడ్డియే ఆధారము. “ఈ నీళ్ళలో నిలబడితే ఒళ్ళు పాడవదా, తల్లీ?” అని యడిగితిని. ఆమె కొడవలి యాపలేదు. “దురద పెడ్తదమ్మా. గానీ ఎండాకాలం గూడ ఆగని నీళ్ళు ఇవే. ఇవి లేకుంటె మా బర్రెలకు గడ్డి ఏడికెళ్ళి వస్తది?” అన్నది. ఆమె చీలమండలమీది పుండ్లను చూచినపిదప నేనింకేమియు నడుగలేకపోతిని.

ఇంటికి వచ్చి పత్రిని పళ్ళెములో నుంచి, రెండుసార్లు కడిగితిని. మూసీనీటితో సాగైన నేలలలోను, అచటి ఆకుకూరలలోను సీసము మొదలగు లోహములున్నట్లు పరిశోధకులు పలుమారులు కనుగొనిరనియు, వేరునుండి ఆకులోనికెక్కినది కడిగినంతనే పోదనియు మావారు చెప్పిరి. మేము కోసినవి గట్టుపైన వాననీటికి పెరిగినవేకదా యని నేను వాదించితిని. ఇక అత్తగారు ఏమందురోయని భయపడుచుండగా, ఆమె ఉమ్మెత్తకాయను త్రిప్పి చూచి, “దేవుడు ఆకు తినడే, అమ్మాయీ. పిల్లవాడు తోటకూర తింటాడు. ముందు ఆ సంగతి చూడు” అనిరి.

మఱునాడు పూజ ఆ యెనిమిది పత్రములతో, పెరటి తులసితో, పొరుగింటి మామిడి, దానిమ్మ, గన్నేరులతో జరిగినది. పండ్రెండు! తక్కిన తొమ్మిదింటికి అక్షతలు వేసితిమి. కూరలమ్మినమాత్రము ప్రతిదినమును అడుగుచున్నాను, ఇది ఏ నీటి కూర యని. “బోరునీళ్ళదేనమ్మా” అనును. నిజమో కాదో ఆమెకైనను తెలియునా? మార్కెట్టులో గంప నింపుకొని వచ్చునదియే గదా. మేడపైన రెండు తొట్లలో తోటకూర చల్లితిని. అది వారమునకు ఒక్కపూట కూరకు వచ్చును, అంతే.

నిర్మాల్యమును ఏటిలో గలుపుటకు మనసొప్పక పెరటిమూలను వేసితిని. కార్తికమున అచట ఉమ్మెత్త మొలిచినది. విషపు మొక్క గనుక పిల్లవాడు ముట్టకుండ చుట్టును నాలుగు పుల్లలు పాతినాను. పెరికివేయుటకు మాత్రము చేయి రాలేదు.