నల్ల సిరాలో నాలుగు ఋతువులు

జపాన్ వారి సుమి-ఎ చిత్రకళకు నల్ల సిరా ఒక్కటే రంగు. చైనాలో తాంగ్, సోంగ్ వంశాల కాలంలో ఎదిగిన ఈ విద్య 13, 14 శతాబ్దాల్లో జెన్ భిక్షువుల వెంట జపాన్ చేరింది. కొండలు, పొగమంచు, చెట్లు, పిట్టలు దీని ముఖ్యమైన వస్తువులు. టోక్యోలో సామాజిక కేంద్రాలు, కల్చర్ సెంటర్లు దీనికి తరగతులు నడుపుతాయి. ఉద్యోగరీత్యా వచ్చి నిషికసాయి వంటి పేటల్లో కాపురం పెట్టిన తెలుగువారికీ ఇవి అందుబాటులోనే ఉన్నాయి. గురువు గీస్తూ చూపిస్తే చూసి నేర్చుకునే విద్య కనుక జపనీస్ అంతంత మాత్రంగా వచ్చినా పని జరిగిపోతుంది.

కావలసిన సామగ్రి నాలుగే: కుంచె, కాగితం, సిరాకడ్డీ, దాన్ని అరగదీసే రాయి. సిరాకడ్డీలకు నారా నగరం పేరుమోసింది. అక్కడి కొబాయ్‌ఎన్ సంస్థ 1577 నుంచి ఇదే పనిలో ఉంది. మన ఇళ్లలో కాటుక పట్టినట్టే, నూనె దీపాల మీద మట్టి మూతలు బోర్లించి మసి పడతారు. ఆ మసిని జంతువుల చర్మం నుంచి తీసిన జిగురుతో కలిపి, బాగా పిసికి, చెక్క అచ్చుల్లో నొక్కి, తేమ మెల్లగా పోయేలా బూడిదలో ఆరబెడతారు. వేడికి జిగురు పాడవుతుంది కాబట్టి తయారీ అంతా చలి నెలల్లోనే.

బొమ్మ పని సిరా అరగదీయడంతో మొదలవుతుంది. రాయి మీద కాసిని నీళ్లు చిలకరించి, కడ్డీని నొక్కిపెట్టకుండా గుండ్రంగా తిప్పాలి. తొందరపడి బలం చూపితే సిరా గరుకుగా దిగుతుంది. కడ్డీలో కలిపిన కర్పూరజాతి సుగంధం మెల్లగా గదిలోకి వస్తుంది. సీసా సిరా అంగట్లో దొరుకుతున్నా, అభ్యాసకుల్లో చాలామంది ఈ పనిని వదులుకోరు. ఆ కాసేపట్లో చెయ్యి కుదురుకుంటుంది, గీయబోయేదానికి మనసులో ఒక రూపం వస్తుంది.

రంగుల లోటును తీర్చేవి ఛాయలు. సిరాలో నీటి పాళ్లు మార్చి చిక్కని, నడిమి, పలుచని ఛాయలు సిద్ధం చేసుకుంటారు. దగ్గరివాటికి చిక్కనిది, దూరపువాటికి పలుచనిది వాడటం మామూలు పద్ధతి. తడి కాగితం మీద సిరా అంచులు దాటి పాకితే మేఘాలు, పొగమంచు వస్తాయి. దీన్ని నిజిమి అంటారు. ఆరిపోవచ్చిన కుంచెను వేగంగా లాగితే గీతలో తెల్లని చారలు మిగులుతాయి, అది కసురె. చెట్టు బెరడుకు, రాతి గరుకుకు ఇది బాగా పనికొస్తుంది. చిన్నప్పటినుంచి చూసిన తాటి బోదెను గీయాలనుకున్న తెలుగువారికి చేతికి రావలసినదీ ఇదే.

మొదటి పాఠాలు నాలుగు మొక్కల మీద నడుస్తాయి: వసంతానికి ఆర్కిడ్, వేసవికి వెదురు, శరత్తుకు చామంతి, చలికాలానికి ఉమె (జపనీస్ ప్లమ్) పూలకొమ్మ. వీటిలో వెదురు గీసే తీరు చూస్తే ఈ విద్య కిటుకు తెలుస్తుంది. కుంచెను ముందు పలుచని సిరాలో ముంచి, కొసకు మాత్రం చిక్కని సిరా అద్దుతారు. కుంచెను పక్కకు వాల్చి, కింది నుంచి పైకి తోస్తూ, కణుపు దగ్గర ఒక్క క్షణం ఆపి ఎత్తుతారు. వెంట్రుకవాసి ఎడం వదిలి పై కణుపు మొదలు. గీతకు ఒక అంచు నల్లగా, రెండో అంచు తేలికగా పడటంతో ఒక్క లాగుతోనే బొంగు గుండ్రంగా కనిపిస్తుంది. ఆకు కూడా అంతే: కొస ఆనించి, నొక్కి, లాగుతూ లేపేయడం. ఆకులన్నీ కిందికి వాలితే వాన, ఒకే పక్కకు ఒరిగితే గాలి.

గీసినదాన్ని చెరపడం, దిద్దడం కుదరదు. కాగితం సిరాను పీల్చేస్తుంది, మళ్లీ పూసిన చోటు ఇట్టే తెలిసిపోతుంది. అందుకే శ్రమలో ఎక్కువ పాలు గీయకముందే, చూడటంలోనే జరగాలి. కొమ్మ ఏ కోణంలో విడిపోయింది, ఆకు ఎక్కడ మడతపడింది అన్నవి గమనించే అలవాటు క్రమంగా ఒంటబడుతుంది. జూన్‌లో టోక్యోను ముసురుపట్టి ఊరంతా బూడిదరంగుకు తిరిగినప్పుడు కూడా ఇలా చూసేవారికి ఛాయలకు కొదవ ఉండదు.

గీయకుండా వదిలిన తెలుపు కూడా బొమ్మలో భాగమే. హసెగావా తోహకు (1539–1610) ‘పైన్ చెట్లు’ దీనికి గొప్ప ఉదాహరణ. ఒక్కోటి ఆరు పలకలుగా ఉన్న ఈ తెరల జత ఉఎనోలోని టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. దగ్గరికెళ్తే మోటైన, విసురైన గీతలు. నాలుగడుగులు వెనక్కి వేస్తే మంచులో తేలే చెట్లు. మంచు ఉన్నచోట నిజానికి ఉన్నది కాగితమే. ఆధునికుల్లో యొకొయామా తైకన్ 1923లో సుమారు 40 మీటర్ల చుట్టను నల్ల సిరాతోనే చిత్రించాడు. కొండ మంచులో పుట్టిన నీరు సముద్రం చేరి తిరిగి ఆకాశానికెక్కే కథ అది. ఇదే తైకన్ 1903లో కలకత్తా వెళ్లి బెంగాలీ చిత్రకారుడు అవనీంద్రనాథ్ టాగోర్‌ను కలిశాడు. అవనీంద్రుడి పలుచని వాష్ పద్ధతి వెనుక ఆ పరిచయం ఉంది. ఆ బెంగాల్ సంప్రదాయానికి చెందిన ప్రమోద్ కుమార్ ఛటర్జీ మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకళ నేర్పాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు.

పని ముగిశాక రాయిని, కుంచెను మంచినీళ్లతో కడగాలి. ఎండిన సిరా రాయి మీద పేరుకుపోతే అరుగుదల దెబ్బతింటుంది. తడికి ముడుతలు పడిన బొమ్మను వెనుకవైపు పిండిజిగురుతో మరో కాగితం అతికించి సాపు చేస్తారు. సిరాలోని మసి కర్బనమే కాబట్టి వెలుతురుకు వెలిసిపోదు. కాగితాన్ని చెమ్మ, పురుగు నుంచి కాపాడుకుంటే బొమ్మ తరాల పాటు నిలుస్తుంది.